ఇద్దరు అధికారులు, ఒక పంది

రాజకీయ పార్టీ అనేది దేశానికి పట్టే పీడ అని కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన ఆ రోజుల్లో అమెరికావాళ్లందరూ ముక్తకంఠంతో నమ్మేవారు. ఆ పీడను అణచడానికే రెండు పార్టీలు పెట్టుకున్నారు.

కనెక్టికట్‌లో ఈస్ట్ హాడ్లం అనే ఊరు. అక్కడ టోపీకి నల్లరిబ్బను పువ్వు గుచ్చుకున్నవాళ్లు ఫెడరలిస్టులు, ఫ్రెంచి విప్లవకారుల్లా మూడురంగుల పువ్వు గుచ్చుకున్నవాళ్లు రిపబ్లికన్లు. "మాది పార్టీ ఏంటి, మేం ప్రజలం! పార్టీ అంటే వాళ్లదీ" అని ఇరుపక్షాలూ సారాకొట్టులో ఒట్టేసేవి. (కొట్లు కూడా రెండే. ఒకదాంట్లో తాగిన నోటితో రెండోదాంట్లో తుమ్మరాదు.)

జేబెజ్ పార్కర్ టోపీకి ఏ పువ్వూ లేదు. అతనికి ఉన్నదల్లా రెండెకరాల మొక్కజొన్న. చలికాలమంతా ఇంటిల్లిపాదికీ అదే తిండి. సెప్టెంబరులో, కోతకు వారం ఉందనగా, సైలస్ వెబ్‌గారి పంది అందులో పడింది.

పందిని పట్టే హక్కు ఊరి పందుల అధికారికి తప్ప ఎవరికీ లేదు. పూర్వం ఆ పదవిని కొత్తగా పెళ్లయిన కుర్రాళ్లకు వేళాకోళంగా అంటగట్టేవారు. పార్టీలొచ్చాక దానికీ పరువొచ్చింది. ఫెడరలిస్టుల తరఫున నిలబడేందుకు అరవయ్యేళ్ల ఆమోస్ క్రాఫ్ట్ ఆదరాబాదరా రెండో పెళ్లి చేసుకున్నాడు. రిపబ్లికన్ ఎనాక్ బార్న్స్ మూడోది చేసుకున్నాడు. ఓట్లు సరిసమానంగా పడేసరికి పదవి ఇద్దరికీ ఇచ్చారు.

జేబెజ్ ముందు ఆమోస్ దగ్గరికి పరిగెత్తాడు.

"మావయ్యా, చేలో పంది పడింది, తొందరగా రా!"

"ఎవరిదిరా?"

"సైలస్ వెబ్‌ది."

"అయ్యో, మనోడే! ఎన్నికలు నెత్తిమీద పెట్టుకుని మనోడి పందిని మనమే పడితే నలుగురూ నవ్విపోరూ? ఆ ఫ్రెంచి భక్తులున్నారుగా, వాళ్లనడుగు."

ఎనాక్ ఆనందంగా చేతులు రుద్దుకున్నాడు.

"చిటికెలో పట్టేస్తానురా అబ్బాయ్! కాకపోతే నేను పడితే పార్టీ బుద్ధితో పట్టాడంటారు. మనకా పార్టీ లేదాయె. అది తిన్న ప్రతి కంకినీ మా పత్రికలో వేయిస్తా. ఈ ఫెడరలిస్టుల రాచరికం ఎలా మేస్తుందో దేశం చూడాలి. అందాకా దాన్ని కదపకు."

"పోనీ నేనే తోలేస్తా."

"అమ్మమ్మ! అధికారం లేకుండానే? జైల్లో పెడతారు."

ఇంటి దగ్గర భార్య మెహిటబుల్ గుమ్మంలోనే ఎదురైంది.

"ఏమయ్యా, ఇద్దరు అధికారులుండి ఒక్క పందిని తోలలేకపోయారా?"

"ఒక్కడే ఉంటే తోలేవాడేమోనే."

"అయితే ఆ పందికే ఓ పువ్వు గుచ్చిరా. నీకంటే దానికే పలుకుబడి ఎక్కువ."

ఆరో రోజుకి చేలో దంట్లు మిగిలాయి. పత్రికలో మూడు వ్యాసాలు వచ్చాయి, వాటికి ఖండనలు నాలుగు. ఏడో రోజున ఊరి సభలో జేబెజ్ లేచి నిలబడ్డాడు.

"అయ్యా, మీ పువ్వులు మాకొద్దు. నాలాంటోళ్లం నలుగురం కలిస్తే మా చేలు మేమే కాచుకుంటాం."

ఆమోస్, ఎనాక్ ఒక్కసారే లేచారు.

"చూశారా! ఇదే, ఇదే పార్టీ అంటే!"

దేశానికి వాటిల్లబోయిన ఆ ముప్పును ఖండిస్తూ చేసిన తీర్మానానికి రెండువైపులా చేతులు లేచాయి. ఊరు పుట్టాక ఏకగ్రీవమైనది అదొక్కటే. ఆ శుభసందర్భాన ఉమ్మడి విందు చేసుకున్నారు. సైలస్ వెబ్ పెద్దమనసుతో తన పందినిచ్చాడు. మొక్కజొన్న మేసిన మాంసం రుచే వేరని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి.