ఆలివ్ నూనె, సోమయ్య దగ్గు

ఇటలీ దేశపు ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెను అర్థం చేసుకుని ఆనందించడంలో బొల్లారం పారిశ్రామికవాడ కార్మికులు బాగా వెనకబడి ఉన్నారని మా మందుల కంపెనీ యాజమాన్యం గుర్తించింది. మా షెడ్డులో గాలి ఆడదని కూడా ఇదివరకే గుర్తించింది గానీ, అది అంత అత్యవసరం కాదు. ఎండీ గారు ఇటలీ చూసి వచ్చిన పదో రోజునే క్యాంటీన్‌లో అవగాహన సదస్సు పెట్టారు. హాజరు తప్పనిసరి, ఆనందం కూడా తప్పనిసరి అని నోటీసు అంటించారు.

ముందు వరుసలో సోమయ్య కూర్చున్నాడు. పక్కనున్న కర్దనూర్ ఊరి రైతు. పొలం పోయాక, ఘాటు రసాయనాలు కలిపే మా సాల్వెంట్ షెడ్డులో చేరాడు. ఆర్నెల్లుగా దగ్గు. ప్యాకింగ్ విభాగానికి మార్చమని మూడు అర్జీలు పెట్టుకున్నాడు. మేనేజర్ రాజారావు గారు కనబడితే ఆ సంగతి ఒక్కసారి అడగొచ్చని వచ్చాడు తప్ప నూనె మీద ప్రేమతో కాదు. ఇలాంటి స్వార్థపరులు ప్రతి సభలోనూ ఉంటారు.

రుచి నిపుణురాలు కృష్ణప్రియ గారు నగరం నుంచి వేంచేశారు. చిన్న నీలం గ్లాసుల్లో నూనె పోయించి, అరచేత్తో మూసి, కాస్త వెచ్చబడ్డాక వాసన చూడమన్నారు. కోసిన గడ్డి, టమాటా ఆకు, పచ్చి బాదం వాసనలు రావాలట. అందరం శ్రద్ధగా పీల్చి, మా షెడ్డులో ఉండే థిన్నర్ వాసనే వస్తోందని ఏకగ్రీవంగా చెప్పాం. ఆవిడ సీసా మార్చారు. మళ్లీ థిన్నరే. ఊడ్చే మొగులమ్మ మాత్రం ఈ నూనె చంటిపిల్లల ఒంటికి రాసేది కదా, దీన్ని తాగుడేందని అడిగింది. ఆమెను బయట ఊడవమని పంపించారు.

అప్పుడు రాజారావు గారు మైకు అందుకున్నారు. "మిత్రులారా! అసలైన నూనె గొంతులో మండుతుంది. ఒక్క దగ్గు వస్తే మంచి నూనె, రెండు వస్తే మేలిరకం. కాబట్టి దగ్గును రోగంగా చూసే పాతకాలపు ఆలోచన మనం విడిచిపెట్టాలి. దగ్గు నాణ్యతకు గుర్తు!"

ఆ మాట పూర్తికాకుండానే సోమయ్యకు దగ్గు తెర వచ్చింది. పదకొండు సార్లు దగ్గాడు. కళ్లనిండా నీళ్లు. వెనక వరుసలన్నీ అందుకున్నాయి. ఇటలీలో కూడా ఇంతటి స్పందన చూడలేదని కృష్ణప్రియ గారు మురిసిపోయారు. చప్పట్లు మోగాయి.

చప్పట్లు ఆగాక సోమయ్య లేచి నిలబడ్డాడు.

"సార్, నేనింక నోట్లె పోస్కోలే. గ్లాసు నిండుగనే ఉంది, సూడుండ్రి. ఆర్నెల్ల సంది గిట్లనే దగ్గుతున్న. జెర నన్ను ప్యాకింగుల ఎయ్యుండ్రి."

రాజారావు గారు తడబడే మనిషి కాదు. తాగకుండానే రుచి గ్రహించిన ఇలాంటి రసజ్ఞుడు మన కంపెనీలో ఉండడం మన అదృష్టమన్నారు. శాలువా కప్పి, ప్రశంసాపత్రం, చిన్న నూనె సీసా బహూకరించారు. నాకు ఒళ్లు మండిపోయింది. చప్పట్లు మాత్రం నేనూ కొట్టాను, రాజారావు గారికి వినబడేటట్టు.

వారంలోపే సోమయ్య అర్జీకి జవాబు వచ్చింది. తమరి గొంతును ఇంతటి స్థాయికి తెచ్చిన షెడ్డు నుంచి తమరిని తప్పించడం ప్రతిభకు అన్యాయమని యాజమాన్యం భావిస్తున్నది, అని రాశారు.

సోమయ్య భార్య దేవమ్మ ఆ నూనెలో కర్పూరం వేసి వెచ్చజేసి మొగుడి ఛాతీకి రాసింది. రెండు పూటలు అతను హాయిగా ఊపిరి తీశాడు. మా అందరిలో ఆ నూనెను అర్థం చేసుకుని ఆనందించింది ఆ ఇద్దరే. బహుమతిని దుర్వినియోగం చేసినందుకు అతనికి మెమో ఇచ్చారు. సీసా అయిపోయింది. దగ్గు ఉంది.

మీ ఇంట్లోనూ ఒక సీసా ఉండే ఉంటుంది. మంచిదో కాదో తేల్చుకోవాలంటే ఒక చెంచా తాగి చూడండి. దగ్గు రాకపోతే దిగులుపడకండి. మా బొల్లారం మీదుగా వెళ్లేటప్పుడు మీరు గబగబా ఎక్కించుకునే కారు అద్దం ఈసారి కిందికి దించండి.