గుమాస్తాగారి కొత్త కార్బురేటర్

ఆదివారం పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఎండెక్కకముందే బండికి కొత్త కార్బురేటర్ బిగించేయాలన్నది గుమాస్తాగారి పథకం. అందులో లేవడం వరకు సవ్యంగానే జరిగింది. మొహానికి సబ్బు పట్టించి కళ్లు మూసుకున్న సమయానికి కొళాయిలో నీళ్లు ఆగిపోయాయి.

"అత్తయ్యా! నీళ్లు!" అని లోపల్నుంచి కేక పెట్టాడు.

"అయ్యో, లోపల ఉన్నారా బాబూ? ఊరికే కారిపోతున్నాయేమోనని పెరట్లో వాల్వు కట్టేశాను," అని అత్తగారు నింపాదిగా జవాబిచ్చింది.

ఆవిడ వరసే అంత. కూతురింటికి వచ్చి ఉంటున్నప్పటినుంచీ, ఇంట్లో తిప్పి కట్టేయడానికి వీలున్నది ఏది కనబడినా కట్టేస్తే గాని ఆవిడకి మనసు కుదుట పడదు. గుమాస్తాగారు పనిచేసేది నీళ్ల సరఫరా ఆఫీసులో, ఫిర్యాదుల గదిలో. నీళ్లు రావడంలేదని వారమంతా ఊరు ఊరంతా వచ్చి ఆయన్ని దులిపేస్తుంది. ఆదివారం ఇంట్లో అదే ఫిర్యాదు ఆయన చేయాల్సి వస్తుంది, వినే నాథుడు ఉండడు.

అందుకే ఆయన గుట్టలూ మిట్టలూ ఎక్కే ఆ డర్ట్ బైకు కొనుక్కున్నాడు. చవకరకం బండి, అదీ సెకండ్ హ్యాండు. కొన్న రోజున నేరుగా ఊరి వెనక గుట్ట మీదికి ఎక్కించాడు. పైనుంచి చూస్తే ఊరంతా కనబడింది గాని ఒక్కడి ఫిర్యాదూ వినబడలేదు. చాలా ఏళ్ల తర్వాత ఆయనకి హాయిగా అనిపించిన రోజు అది. మర్నాటినుంచి మొదలైంది బండి తిక్క. కిక్కు కొడితే స్టార్టవుతుంది, వీధి చివర మలుపు దాకా వెళ్తుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. మెకానిక్ షెడ్డుకి తోసుకెళ్తే అక్కడ మాత్రం గుర్రంలా నడుస్తుంది. ఇంటికి తెచ్చి ఒక రాత్రి ఉంచితే మళ్లీ మలుపు దగ్గర దగ్గు.

"దానికి మనిల్లు నచ్చలేదేమోనండీ, పంపించేద్దాం," అంది భార్య. ఆవిడ స్కూలు పిల్లల యూనిఫాంలు కుడుతుంది. కొలతలకి వచ్చినవాళ్లు నిలబడాల్సిన వరండాలో సగం ఈ బండే ఆక్రమించింది. సాయంత్రంలోగా అది నడిస్తే సరి, లేకపోతే పాత సామాన్లు కొనే అతని తోపుడుబండి ఎక్కిస్తానని శుక్రవారమే చెప్పేసింది. చెప్పిందంటే చేసే మనిషి.

ఇంజనుకి పెట్రోలు అందించే కార్బురేటర్ పోయిందని తేల్చింది బావమరిది. అతను ఇన్సూరెన్సు ఏజెంటు, కాని ఫోనులో వీడియోలు చూసి చూసి ఇంజన్ల మీద గట్టి అభిప్రాయాలు ఏర్పరుచుకున్నాడు. గుమాస్తాగారు అతనికి ఫోను చేసి, లౌడ్‌స్పీకర్లో పెట్టి, వరండాలో భార్య బొత్తాల డబ్బా ఉండే స్టూలు మీద నిలబెట్టి, స్పానరు పట్టుకున్నాడు.

"బావా, ముందు పెట్రోలు నాబ్ కట్టెయ్."

"అలాంటిదొకటి ఉందా?"

"ట్యాంకు కింద చూడు. చిన్న పిడిలా ఉంటుంది."

ఉంది. దాని మీది ఆన్, ఆఫ్ అక్షరాలు ఏనాడో అరిగిపోయాయి. గుమాస్తాగారు దాన్ని శ్రద్ధగా రెండో పక్కకి తిప్పి, పైపు ఊడబీకాడు. పెట్రోలు ధారకట్టింది. ముందు ఆయన ప్యాంటు తడిసింది, తర్వాత పక్కనే మడతపెట్టి ఉన్న యూనిఫాంల మూట తడిసింది. కంగారులో నాబ్‌ని మళ్లీ వెనక్కి తిప్పితే ఆగింది.

"కట్టేయమంటే తెరిచావేంటి బావా? అయినా నీ తప్పు కాదులే. చవక బండి కదా, నాబ్ తిరగేసి బిగించి ఉంటారు," అన్నాడు బావమరిది ధీమాగా.

భార్య వచ్చి మూట వాసన చూసింది. లోపలికి వెళ్లి, వేరే ఫోనులో ఎవరితోనో, "సాయంత్రం దాకా వద్దు, భోజనాల వేళకే వచ్చెయ్యండి," అని చెప్పడం వినబడింది.

పాత కార్బురేటర్లో పెట్రోలు చిమ్మే ఇత్తడి జెట్టు మంచిదనీ, దాన్ని తీసి కొత్తదానిలో వేయమనీ బావమరిది సలహా. ఆ జెట్టు వడ్లగింజంత ఉంటుంది. ఊడుతూనే ఎగిరి, భార్య బొత్తాల డబ్బాలో పడింది. డబ్బా నిండా ఇత్తడి బొత్తాలే. దాన్ని వెతకడంలోనే పొద్దంతా గడిచిపోయేలా ఉందని విసిగిపోయి, కొత్తదాన్ని ఉన్నదున్నట్టే బిగించేశాడు. పైపు తొడిగి, నాబ్ తెరిచి, కిక్కు కొట్టాడు. బండి పలికింది. ఆగకుండా పలుకుతూనే ఉంది! గాలి స్క్రూ ఇంత, ఇంజను వేగం సర్దే ఐడిల్ స్క్రూ ఇంత తిప్పగానే చప్పుడు మెత్తబడింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. బండి ఆపి, భార్యని పిలవడానికి ఇంట్లోకి పరిగెత్తాడు.

భార్య, "ఈ కుట్టు పూర్తయ్యాక వస్తాను," అంది. పూర్తయింది, వచ్చింది. ఆయన కిక్కు కొట్టాడు, బండి పలికింది.

"చూశావా!"

ఆవిడ చూస్తుండగానే బండి దగ్గింది, ఆగింది.

"చూశాను," అని లోపలికి వెళ్లిపోయింది.

"స్క్రూ ఎక్కువ తిప్పావు బావా," అన్నాడు స్టూలు మీది బావమరిది. తక్కువ తిప్పాడు. పలకలేదు. ఎక్కువ తిప్పాడు. పలకలేదు. ఐడిల్ స్క్రూ ఇక తిరగను మొర్రో అనేదాకా బిగించాడు. ఎన్ని కిక్కులు కొట్టాడో ఆయన మోకాలికే తెలియాలి.

"నాబ్ ఒకసారి చూడరాదూ?"

"తెరిచే ఉంచాను. దాన్ని ఒకసారి ముట్టుకున్నందుకే ప్యాంటు పోయింది, మూట పోయింది. చచ్చినా ముట్టుకోను!"

"అయితే ఇంజను ఆపే స్విచ్ పాడై ఉంటుంది. స్విచ్‌కీ, తాళానికీ కలిపి ఒకటే వైరు వస్తుంది. అది పీకెయ్."

పీకేశాడు. అప్పటికి ఆయన ఎవరు ఏది పీకమన్నా పీకే స్థితిలో ఉన్నాడు. అయినా బండి పలకలేదు. గేటు దగ్గర తోపుడుబండి వచ్చి ఆగిన చప్పుడు మాత్రం వినబడింది.

పాత సామాన్లతను లోపలికి వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి హ్యాండిలు పట్టుకున్నాడు. గుమాస్తాగారు సీటు పట్టుకున్నాడు.

"వదలండి సార్."

"ఒక్క నిమిషం."

"మీ మేడంగారే రమ్మన్నారండీ."

"వదిలెయ్యండి," అంది గుమ్మంలోంచి భార్య. గొంతు మాత్రం పొద్దున్నంత గట్టిగా లేదు. నల్లటి చేతులతో, పెట్రోలు కంపుతో సీటు పట్టుకుని నిలబడ్డ ఆ మనిషిని చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. "రేపట్నుంచి ఇంకో మంచి బండి చూసుకుందురు గాని."

"నాకు ఆ గుట్ట ఎక్కాలని ఉంది," అన్నాడు గుమాస్తాగారు. ఇంతకాలం ఇంట్లో ఎవరికీ చెప్పని మాట అది. చెప్పాక తనకే సిగ్గేసి చెయ్యి వదిలేశాడు.

బండి కదిలింది. సరిగ్గా అప్పుడు అత్తగారు పక్కింటినుంచి వస్తూ గేటు దగ్గర ఆగింది.

"జాగ్రత్త నాయనా, ఎత్తేటప్పుడు వంచకు. పెట్రోలుంది. నాబ్ నేను కట్టేసే ఉంచాననుకో, అయినా మన జాగ్రత్తలో మనం ఉండాలి."

గుమాస్తాగారు సీటు మళ్లీ పట్టుకుని బండి ఆపాడు.

"ఎప్పుడు కట్టేశారు అత్తయ్యా?" అన్నాడు.

"రోజూ సాయంత్రం కట్టేస్తాగా? ఇందాక మీరు అమ్మాయిని పిలవడానికి లోపలికెళ్లారు, చూస్తే తెరిచుంది. ఇంట్లో నేనొక్కదాన్ని చూసుకోకపోతే ఎప్పుడో కొంప అంటుకునేది," అంది ఆవిడ, మెప్పుకోసం అందరి మొహాలూ చూస్తూ.

గుమాస్తాగారు వంగి, నాబ్ తెరిచి, అడుగంటిన ఓపికంతా కూడగట్టుకుని ఒక్క కిక్కు కొట్టాడు.

బండి పలకలేదు, గర్జించింది. ఐడిల్ స్క్రూ చివరికంటా బిగించి ఉంది కదా. పాత సామాన్లతను ఎగిరి గేటవతల పడ్డాడు. స్విచ్ నొక్కితే ఆగలేదు. తాళం తీసినా ఆగలేదు. ఆ వైరు ఎవరు పీకారో, ఎవరు పీకమన్నారో గుమాస్తాగారికి అప్పుడు గుర్తొచ్చింది. గేరులో వేసి క్లచ్ వదలమని బావమరిది గొంతు చించుకున్నాడట గాని, ఆ హోరులో ఎవరు విన్నారు? బొత్తాల డబ్బా అదిరి అదిరి స్టూలు మీదినుంచి పడింది. వీధి వీధంతా ఫిర్యాదు చేయడానికి గేటు ముందు నిలబడింది.

"నడిస్తే ఉండనిస్తానన్నాను, అంతేగాని," అని అరిచింది భార్య చెవులు మూసుకుని, "ఆగదా ఇది?"

గుమాస్తాగారు జీవితంలో మొదటిసారి అత్తగారికి చేతులు జోడించాడు.

"అత్తయ్యా! కట్టెయ్యండి!"

ఆవిడ తీరిగ్గా వచ్చి, కొంగు సర్దుకుని, నాబ్ తిప్పింది. బండి అరుస్తూనే ఉంది. కార్బురేటర్ లోపల మిగిలిన పెట్రోలు అయ్యేదాకా అది అరుస్తుందని ఆవిడకేం తెలుసు?

"ఈ ఇంట్లో నా మాట వెంటనే విన్నదేముంది కనక!" అంది ఆవిడ.

దగ్గింది, ఆగింది. వీధి ఇళ్లకి వెళ్లిపోయింది. పాత సామాన్లతను చేతికందిన పాత కార్బురేటర్ పట్టుకుని వెళ్లిపోయాడు. భార్య ఒలికిన బొత్తాలు ఏరుతూ ఏరుతూ ఆ జెట్టు దొరకబుచ్చుకుని, మొగుడి అరచేతిలో పెట్టి, చాలా రోజుల తర్వాత నవ్వింది.

"సాయంత్రం నన్నూ తీసుకెళ్లండి ఆ గుట్ట మీదికి. ముందు వెళ్లి స్నానం చెయ్యండి, కంపు."

ఆయన ఈల వేసుకుంటూ వెళ్లి, ఒళ్లంతా సబ్బు పట్టించుకున్నాడు. కొళాయిలో నీళ్లు ఆగిపోయాయి. ఈసారి ఆయన కేక పెట్టలేదు. పైపులో మిగిలినవి ఇంకాసేపు వస్తాయేమోనని చెంబు పట్టుకుని ఎదురుచూశాడు.