నలభై ఒక్క సెకన్ల గొంతు

బదిలీల గడువు ముగియడానికి ఆరు రోజుల ముందు కొత్తలంక కొదమలు కబడ్డీ జట్టు తన అభిమానుల్లో పదకొండు మందిని పాలకోట పిడుగులు జట్టుకు ఇచ్చేసింది. ఆటగాళ్ళను ఇచ్చిపుచ్చుకోవడం మానేసి అప్పటికి నాలుగేళ్ళయింది. ఇవ్వదగ్గ ఆటగాళ్ళు అయిపోవడమే అందుకు కారణం.

కొదమలు పదకొండేళ్ళుగా పునర్నిర్మాణంలో ఉన్నాయి. డెల్టా కబడ్డీ లీగు నిబంధనల ప్రకారం వరసగా రెండేళ్ళు అట్టడుగున నిలిచిన జట్టు తాను పునర్నిర్మాణంలో ఉన్నట్టు ప్రకటించుకోవచ్చు. అలా ప్రకటించుకున్న జట్టు ఇక గెలవనక్కర్లేదు. ఈ వెసులుబాటు యాజమాన్యానికి బాగా నచ్చింది. మొదటి ఏడాది మేటి రైడరును ఇచ్చి ఇద్దరు కుర్రాళ్ళను తెచ్చారు. ఆ కుర్రాళ్ళకు ఆట వచ్చేసరికి వాళ్ళను ఇచ్చేసి, ఆట రానివాళ్ళను నలుగురిని తెచ్చారు. ఆటగాళ్ళ చొక్కాల వెనకాల పేర్లు తీసేసి, రోడ్డు తవ్వినచోట బోర్డు పెట్టినట్టు, 'పని జరుగుచున్నది, అసౌకర్యానికి చింతిస్తున్నాము' అని అచ్చు వేయించారు. ఎప్పటికి పూర్తవుతుందని అడిగితే మూడేళ్ళు అనేవారు. పదకొండేళ్ళ కిందట కూడా మూడేళ్ళే అన్నారు కాబట్టి వాళ్ళు మాట మార్చారని ఎవరూ అనలేరు.

అభిమానుల విలువను కూతతో కొలుస్తారు. రైడరు అవతలి గడిలోకి అడుగుపెట్టింది మొదలు ఒక్క ఊపిరిమీద కబడ్డీ కబడ్డీ అంటూ కూత పెట్టాలి. కూత తెగితే అతను అవుటు. అభిమానికీ అదే పద్ధతి. ఏటా మే నెలలో అభిమానుల విభాగం గుమస్తా వరహాలు స్టాప్‌వాచీ పట్టుకుని ఇంటింటికీ వచ్చి, ఎవరు ఎన్ని సెకన్లు అరవగలరో రిజిస్టరులో రాసుకుంటాడు. మామూలు మనిషికి పదిహేను వస్తే గొప్ప. ఊరి మొత్తంమీద ఇరవై అయిదు దాటినవాళ్ళు నలుగురు. బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచరు సత్యవేణికి నలభై ఒకటి.

ఆవిడ భర్త భీమశంకరానికి మోటార్లు వైండింగు చేసే షాపుంది. ఆయన కొదమల అభిమానుల సంఘానికి తొమ్మిదేళ్ళుగా అధ్యక్షుడు. స్టేడియం గేటు పక్కన వీర్రాజు టీ బడ్డీ దగ్గర రోజూ సాయంత్రం సంఘం సమావేశమయ్యేది. నినాదాలు ఇచ్చేవాళ్ళనే నిలబెట్టుకుని కూచుంటే జట్టు బాగుపడదనీ, గొంతు బాగున్నవాళ్ళను గిరాకీ ఉన్నప్పుడే ఇచ్చేసి రేపటి గొంతులను తెచ్చుకోవాలనీ అక్కడ నాలుగేళ్ళుగా చెబుతున్నది ఆయనే. ఆ మాట విని నమ్మి, మనుషులు తమ అన్నదమ్ములను, వియ్యంకులను పంపించారు. కిరాణా కొట్టు రమణయ్య కన్నతండ్రినే పంపాడు. వాళ్ళెవరూ భీమశంకరాన్ని తిట్టలేదు. ఎవరికైనా కష్టంగా ఉంటే ఇంటికి వెళ్ళి ఒంటరిగా ఏడ్చేవారు.

జాబితాను టీ బడ్డీ గోడకు అంటించారు. ఏడో వరస ఇలా ఉంది: 'సత్యవేణి, 46, డ్రిల్లు టీచరు, కూత 41 సె. బదులుగా: నాలుగేళ్ళ పాప ఒకరు, మరొకరు (పేరు తరువాత తెలుపబడును).'

అక్కడున్నవాళ్ళందరూ భీమశంకరం వంక చూశారు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని ఏడో వరస రెండుసార్లు చదివాడు. గోడకు ఇంకా దగ్గరగా జరిగి మూడోసారి కూడా చదివాడు.

"అంకెలు చూసుకుంటే మంచి బేరమే," అన్నాడు. "నలభై ఆరు దాటేకా కూత ఏటా సెకను చొప్పున పడిపోద్ది. ఆ పాపకింకా అరవై ఏళ్ళ గొంతుంది. రెండోవాళ్ళు ఎవరైనా మనకి లాభవే."

టైలరు దావీదుకు ఒళ్ళు మండింది. అతను ఇరవై ఏళ్ళుగా కొదమల జెండాలు కుడుతున్నాడు.

"బేరం సంగతి కాదండి పెసిడెంటుగారూ. ఆవిడ మీ ఆవిడండీ!"

"బదిలీ ఫారంలో ఆ గడి లేదు దావీదూ."

"గడి లేకపోతే మీ నోరు లేదేంటండీ? అధ్యక్షుడు అభ్యంతరం రాస్తే ఏ బదిలీ అయినా ఆగిపోద్దని రూల్లో ఉందిగా. ఎప్పుడైనా రాసేరా? కనీసం ఇప్పుడైనా రాయండి."

"రవణయ్య నాన్నగారప్పుడు రాయలేదు. ఇప్పుడు రాస్తే ఏవంటారు? ఊరోళ్ళకో న్యాయం, ఇంట్లోవాళ్ళకో న్యాయం అనరూ?"

రమణయ్య అక్కడే నిలబడి టీ తాగుతున్నాడు.

ఆ సాయంత్రం సత్యవేణి పెరట్లో బట్టలు తీస్తూ ఉంటే భీమశంకరం వచ్చి తాడు రెండో కొస దగ్గర నిలబడ్డాడు. పెళ్ళయి ఇరవై మూడేళ్ళయింది. పిల్లలు లేరు. వాళ్ళ మధ్య మాటలన్నీ కబడ్డీ గురించే: ఎవడి పట్టు బాగుంది, ఎవడి మోకాలు పోయింది, కోచికి బుద్ధుందా లేదా. కూరలో ఉప్పు ఎక్కువైతే కూడా డిఫెన్సు బలహీనంగా ఉందనే చెప్పుకునేవారు. ఎదుటివాళ్ళకు అది వింతగా ఉండేది గానీ వాళ్ళిద్దరూ చాలా సుఖంగా ఉన్నారు.

"ఏవండీ, నన్ను పంపించి ఏం తెచ్చుకున్నారంట?"

"నాలుగేళ్ళ పాపనీ, ఇంకోళ్ళనీ. ఆళ్ళ పేరు తరవాత చెబుతారంట."

"మీరేవన్నారు?"

"మంచి బేరవే అన్నాను."

ఆవిడ చేతిలో తువ్వాలును మడత పెట్టింది. మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ పెట్టింది.

"తొమ్మిదో నిబంధన మీరు రాసిందేనా?"

"కమిటీలో నేనూ ఉన్నాను."

తొమ్మిదో నిబంధన ప్రకారం, జట్టు మైదానంలో కలిగిన జ్ఞాపకాలన్నీ జట్టు ఆస్తి. బదిలీ అయ్యే అభిమాని వాటిని విభాగంలో అప్పగించి వెళ్ళాలి. పాత జట్టు గెలుపులు తలుచుకుంటూ కొత్త జట్టుకు ఎవరూ మనస్ఫూర్తిగా అరవలేరని కమిటీ అభిప్రాయపడింది. అభిప్రాయం సబబుగానే ఉంది. కాకపోతే సత్యవేణి, భీమశంకరం మొదటిసారి కలుసుకున్నది ఆ మైదానంలోనే. తూర్పు గ్యాలరీలో, వాన పడుతున్న రోజున, ముక్కూమొహం తెలియని ఒకమ్మాయి కూత పెడుతుంటే వెనక వరసలో ఒకతను చేతి గడియారం చూస్తూ పైకి లెక్కపెట్టాడు. కూత అయ్యాక, ముప్పై ఎనిమిది అని చెప్పాడు. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, ముప్పై తొమ్మిదండీ, మీ వాచీ స్లో, అంది. వాళ్ళ పెళ్ళికి ఇంతకుమించి వేరే కథ లేదు; అది పోతే దాని వెనకాల వచ్చిందంతా పోయినట్టే.

"అదీ ఇచ్చెయ్యాలన్న మాట," అంది సత్యవేణి.

"రూలు రూలే కదా వేణీ."

"అడిగేనంతే." అభ్యంతరం రాస్తానని ఆయన అంటాడేమోనని ఆగింది. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. ఆయన తాడుకున్న క్లిప్పులు ఒక్కొక్కటీ తీసి జేబులో వేసుకున్నాడు. "సర్లెండి, అన్నం తిందురుగాని రండి," అని ఆవిడ లోపలికి వెళ్ళింది.

ముప్పై ఒకటో తేదీ, అంటే ఆఖరి రోజు, పొద్దున్న పదింటికి ఇద్దరూ కలిసే విభాగానికి వెళ్ళారు. గుమస్తా వరహాలు మర్యాదస్తుడు. వచ్చినవాళ్ళకు కుర్చీ చూపించి, ఫ్యాను తమవైపు తిప్పుకోమంటాడు. సత్యవేణి చెబుతూ ఉంటే ఆయన గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ మ్యాచులు పద్ధెనిమిది పేజీలయ్యాయి. వాన పడిన రోజు దగ్గరకు వచ్చినప్పుడు ఆవిడ ఆగకుండానే చెప్పింది. ఆయన వాచీ నిజంగా స్లో కాదండీ, ఊరికే అన్నాను, అని కూడా చెప్పింది. భీమశంకరానికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. వరహాలు అది కూడా రాసి, కింద సంతకం పెట్టించుకుని, ముద్ర వేశాడు.

ముద్ర పడగానే సత్యవేణి మొహంలో పెద్ద మార్పేమీ రాలేదు. ఎదురుగా ఉన్న మనిషి వంక ఒకసారి చూసింది. బస్సులో పక్క సీటు మనిషిని అంతకంటే ఎక్కువ చూస్తాం. వరహాలు పాలకోట నుంచి వచ్చిన కవరు చించి అందులోని జ్ఞాపకాలను గట్టిగా చదివి వినిపించాడు. అవీ బాగానే ఉన్నాయి. పిడుగులు మూడు కప్పులు గెలిచారు.

"ఈ బాబుగారెవరండీ?" అని అడిగింది ఆవిడ.

"కొదమల సంఘం పెసిడెంటుగారండి. మిమ్మల్ని బస్సెక్కించడం ఆయన డ్యూటీ."

"ఆయ్, నమస్కారవండి," అంది సత్యవేణి.

బస్టాండుదాకా ఆయన సూట్‌కేసు మోశాడు. అందులో ఏముందో ఆయనకు తెలుసు. రాత్రి ఇద్దరూ కలిసే సర్దారు. నాలుగింటి పాలకోట బస్సు కోసం నిలబడి ఉండగా ఆవిడే మాట కలిపింది. కబడ్డీ గురించి మాట్లాడకుండా ఉండలేని మనిషి.

"అడుగుతున్నానని ఏవనుకోకండి గానీ, మీవోళ్ళకి మతుండే చేసేరా ఈ బేరం? నలభై ఒక్క సెకన్ల గొంతు నాది. జిల్లాలో రెండోది లేదు. దానికి నాలుగేళ్ళ పిల్లనీ, పేరే తెలీనోళ్ళనీ తెచ్చుకుంటారా? మీ సంఘంలో వద్దని చెప్పినోడు ఒక్కడూ లేడా?"

భీమశంకరం సూట్‌కేసును ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"మూడేళ్ళు ఆగండి," అన్నాడు. "మీకే తెలుస్తాది."

"మూడేళ్ళే!" అని ఆవిడ నవ్వింది. జాలిగా నవ్వింది. ఇరవై మూడేళ్ళలో ఆవిడ ఆయన వంక ఎన్నో రకాలుగా చూసింది గానీ జాలిగా ఎప్పుడూ చూడలేదు. అంతలో బస్సు వచ్చింది. ఆవిడ ఎక్కి, కిటికీ పక్కన కూచుని, పరాయివాళ్ళకు ఊపినట్టు చెయ్యి ఊపింది. బస్సు మలుపు తిరిగేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. అప్పుడు ఆటో పిలిచి, విభాగానికి పోనిమ్మన్నాడు.

గడువు అయిదింటిదాకా. అక్కడికి చేరేసరికి అయిదుకు ఇరవై నిమిషాలుంది. అభ్యంతర పత్రం అడిగితే వరహాలు అయిదు నిమిషాలు వెతికి తీశాడు. దానిని అంతకుముందు ఎవరూ అడగలేదు. దుమ్ము దులిపి, పెన్నుతో పాటు ఆయన ముందు పెట్టాడు.

"కారణం గడిలో ఏం రాయమంటారు?" అన్నాడు భీమశంకరం. "మేవిద్దరం తూర్పు గ్యాలరీలో కలిసేవని రాస్తాను."

"అది చెల్లదండి. ఆవిడ జ్ఞాపకం అప్పగించేసేరు కదా. ఇద్దరికి గుర్తుంటే జ్ఞాపకం. ఒక్కరికే గుర్తుంటే అది ఊహ కింద లెక్కండి."

"మరి?"

"చెల్లే కారణం ఒక్కటే ఉందండి. ఈ బేరం చెడ్డది, జట్టుకి నష్టం అని రాసి సంతకం పెట్టండి, చాలు. పాలకోట ఫోను చేసి బస్సుని ఎనక్కి రప్పిస్తాను. కాయితాలు కూడా ఆవిడకి తిరిగి చదివి వినిపించేస్తాను. చాలా సుళువండి. ఇంకా పావుగంట ఉంది."

భీమశంకరం పెన్ను పట్టుకుని కూచున్నాడు. ఆరు మాటలు కూడా కాదు. కానీ అవి రాస్తే, ఆ కాగితం గోడకు అంటిస్తారు. రమణయ్య చదువుతాడు. ఈ బేరం చెడ్డదైతే, రమణయ్య తండ్రిని పంపిన బేరం ఏమిటి? నాలుగేళ్ళుగా టీ బడ్డీ దగ్గర చెప్పిందంతా ఏమిటి? అంకెలు మారలేదు, నిబంధన మారలేదు. మారిందల్లా పోయిన మనిషి. తప్పని ఒప్పుకుంటే ఆవిడ వెనక్కి వస్తుంది. కానీ ఇన్నాళ్ళూ ఒప్పు అని చెప్పి పంపినవాళ్ళందరూ అప్పుడు ఆయన ఖాతాలో పడతారు. అంత బరువు మోసే శక్తి ఆయనకు లేదు. భార్య లేకుండా బతకడం దానికంటే తేలిక అనిపించింది. అలా అనిపించినందుకు ఆయనకు తనమీద అసహ్యం వేసింది.

ఫ్యాను ఆయనవైపే తిరిగి ఉంది. పత్రం ఎగిరిపోకుండా అరచేత్తో అదిమి పట్టాడు.

"రెండు నిమిషాలుందండి," అన్నాడు వరహాలు. కాసేపాగి, "అయిపోయిందండి," అన్నాడు. ఖాళీ పత్రాన్ని తీసుకుని జాగ్రత్తగా అరలో పెట్టి, తలుపులు వేశాడు.

టీ బడ్డీ దగ్గర సంఘం అప్పటికే మొదలైంది. దావీదు జరిగి చోటిచ్చాడు. రమణయ్య తన చేతిలో ఉన్న గ్లాసును ఆయనకిచ్చి ఇంకొకటి చెప్పాడు. ఆ పదకొండు మంది గురించి ఎవరూ ఎత్తలేదు. వచ్చే ఏడు ఎవరిని ఇవ్వచ్చో మాట్లాడుకుంటున్నారు.

భీమశంకరం టీ తాగాడు. గ్లాసు పక్కన పెట్టాడు.

"మంచి బేరవే," అన్నాడు.

ఎవరూ కాదనలేదు. ఆయన ఇంకోసారి అన్నాడు.