ముందు సున్నా కొట్టాలి

ఆ ఆదివారం పొద్దున గడియారాలాయన పెట్టుకున్న పనులు చాలా చిన్నవి. రిపేరుకొచ్చిన గోడ గడియారాలన్నిటికీ కీ ఇవ్వాలి, గడ్డం గీసుకోవాలి, చెల్లెలికి ఫోను చెయ్యాలి. మొదటి రెండూ ఆయన ఎప్పుడూ చేసేవే. మూడోది చేసి ఏళ్లయింది.

తల్లి పోయాక ఆవిడ కుట్టుమిషను ఆయన తన ఇంటికి తెచ్చుకున్నాడు. చెల్లెలు మూతి బిగించుకుని బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. మిషను మీద ఆయన భార్య పూలకుండీ పెట్టింది. దాన్ని చూసినప్పుడల్లా ఆయనకు ప్రాణం చివుక్కుమనేది. ఫోను చేద్దామంటే అప్పట్లో పొరుగూరికి ఫోనంటే ట్రంకు కాలు. బుక్ చేసి, పూటంతా పక్కనే కాపలా కూర్చుని, గంట మోగగానే రిసీవరందుకుని, వీధంతా వినబడేలా అరవాలి. మధ్యలో ఆపరేటరమ్మ "మాట్లాడండి, మాట్లాడండి" అంటూ తానూ వింటూ ఉంటుంది. తప్పు ఒప్పుకునే మాట అలా కేకేసి చెప్పేది కాదు. అందుకే ఊరుకున్నాడు. ఇప్పుడు ఊరికి కొత్త ఎక్స్ఛేంజి వచ్చింది. ఎవరి వేలితో వాళ్లే కోడ్ తిప్పుకుని ఏ ఊరితోనైనా మాట్లాడుకోవచ్చన్నారు.

"కోడ్‌ల సంగతి నన్నడగండి" అన్నాడు పక్కవాటాలో ఉండే భూగోళం మాస్టారు. పేపరు కోసం వచ్చిన మనిషి, టెలిఫోను డైరెక్టరీ కనబడగానే మొదటి పేజీలు తెరిచి బడి మొదలుపెట్టాడు. "దేశాన్ని దిక్కులవారీగా ముక్కలు చేశారండీ. ఒక్కో ముక్కకి ఒక్కో అంకె. దాని పక్కన ఇంకోటి పడితే జిల్లా దగ్గరికొచ్చాం. మరోటి పడితే ఊరు. అంకె తిప్పినప్పుడల్లా ఒక మజిలీ దాటినట్టే!"

"మరి మహానగరానికి రెండంకెలే ఉన్నాయేం? మా చెల్లెలి ఊరిది చూడండి, ఎంత పొడుగుందో."

"కిటుకంతా అక్కడే ఉంది. పెద్ద ఊళ్లో ఫోన్లెక్కువ, ఇంటి నంబరు పొడుగు. అందుకని కోడ్ పొట్టి. చిన్న ఊళ్లో ఇంటి నంబరు పొట్టి, కోడ్ పొడుగు. రెండూ కలిపితే ఎక్కడైనా ఒకటే కొలత."

"మా అత్తవారింట్లో లాగన్నమాట. మామగారు పొట్టి, అత్తగారు పొడుగు."

వంటింట్లో గిన్నె ఒకటి కావాలనే చప్పుడు చేసింది.

"ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైంది చెప్తున్నాను" అని మాస్టారు వేలెత్తాడు. సరిగ్గా అప్పుడే గంటలు కొట్టే వేళైంది. గోడ మీది గడియారాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి అందుకున్నాయి. రిపేరుకొచ్చినవి కాబట్టి ఏ రెంటికీ పొత్తు కుదరలేదు. మాస్టారి పెదాలు కదిలాయి. వేలు గాల్లో గుండ్రంగా ఏదో చుట్టింది. చప్పుడు అణిగేసరికి ఆయన "అంతే, అదొక్కటీ మర్చిపోకండి" అంటూ పేపరు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. గడియారాలాయన మొహమాటానికి తలూపాడు.

ఆయన డయలు తిప్పాడు. ఒక్కో అంకె తిరిగి తన చోటికి వచ్చేదాకా ఊపిరి బిగపట్టాడు. కోడ్ అయింది, నంబరూ అయింది. అటు నుంచి గరగరల మధ్య ఆడగొంతు "హలో" అంది. మీటరు పరిగెడుతోందన్న భయం ఒకటి, ఆలస్యమైతే ధైర్యం జారిపోతుందన్న భయం ఇంకొకటి.

"చెల్లీ, నేను, అన్నయ్యని! నువ్వేం మాట్లాడకు, ముందు నన్ను చెప్పనీ. తప్పంతా నాదే. అమ్మది నీ దగ్గరే ఉండాలి. రేపు పొద్దున్నే వచ్చి తీసుకెళ్లు. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"అన్నయ్యా!" అంటూ అటు నుంచి ఏడుపు. మీటరు గుర్తొచ్చి ఆయన గబుక్కున ఫోను పెట్టేశాడు.

"ఏమందండీ?" అంది భార్య.

"ఏడ్చింది."

"అయితే వస్తుంది" అని ఆవిడ వెంటనే కుండీ దించేసింది.

ఏడ్చిన మాట నిజమే. కానీ ఏడ్చింది ఆయన చెల్లెలు కాదు. ఆయన ఉన్న ఊళ్లోనే, కాస్త అవతలి వీధిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే ఆవిడ. ఆవిడకూ ఒక అన్నయ్య ఉన్నాడు. ఆయనది బజారులో ఫొటో స్టూడియో. వాళ్లమ్మది మిగిలిందల్లా ఒకే ఒక పెద్ద ఫొటో. దాన్ని ఆయన స్టూడియో గోడకు తగిలించుకుని చెల్లెలికి ఇవ్వనన్నాడు. అప్పటి నుంచీ ఒకే ఊళ్లో ఉంటూ ఇద్దరికీ మాటల్లేవు.

మర్నాడు పొద్దున స్టూడియో ఆయన కెమెరా నల్లగుడ్డలో తల దూర్చి, ఎదురుగా కూర్చున్న కుటుంబంతో "కదలకండి" అంటున్నాడు. చెల్లెలు తిన్నగా లోపలికొచ్చి, స్టూలెక్కి, గోడ మీది అమ్మ ఫొటో దించి గుండెకు హత్తుకుంది.

"నువ్వే ఫోను చేసి తప్పంతా నాదేనంటావని కల్లో కూడా అనుకోలేదన్నయ్యా! ఆ కాళ్లు పట్టుకోవడమేంటి, పెద్దవాడివి!"

ఆయన గుడ్డలోంచి బయటికొచ్చాడు. తాను ఫోను చేయలేదు. ఒకరి కాళ్లు పట్టుకుంటాననే మనిషి అంతకన్నా కాదు. కానీ ఇన్నేళ్లకు చెల్లెలు ఎదురుగా నిలబడి అన్నయ్యా అంటోంది.

"అవునమ్మా, చేశాను" అన్నాడు. కుటుంబాన్ని అలాగే వదిలేసి, ఫొటో తానే మోసుకుంటూ చెల్లెలి వెంట వెళ్లాడు. కదలవద్దన్న మనిషి వెళ్లిపోయినా ఆ కుటుంబం చాలాసేపు కదలలేదు.

అక్కడ గడియారాలాయన మిషనుకు నూనె పెట్టి, తళతళలాడేలా తుడిచి, బస్టాండులో నిలబడి ఉన్నాడు. వచ్చిన ప్రతి బస్సులోకీ తొంగిచూశాడు. సీట్ల కింద వెతకడం ఒక్కటే తక్కువ. మిట్టమధ్యాహ్నమయ్యేసరికి ఎదురుచూపు కాస్తా కోపంగా మారింది. ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా, నిన్న తిప్పిన అంకెలే నిన్నటిలాగే తిప్పాడు.

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో స్టూడియో ఆయన గోడకు మేకు కొడుతున్నాడు. చెల్లెలు లోపల కాఫీ కలుపుతోంది. ఫోను ఆయనే తీశాడు.

"రమ్మంటే రావడానికి అంత బెట్టా? అన్నయ్యని పట్టుకుని ఎండలో నిలబెడతావా?"

"ఎవరండీ మీరు?"

"నువ్వెవరయ్యా? ముందు నా చెల్లెల్ని పిలువు!"

"ఇక్కడున్నది నా చెల్లెలండీ."

"నీ చెల్లెలేంటయ్యా? మా అమ్మకి నేనొక్కణ్ణే కొడుకుని!"

"మా అమ్మకీ నేనొక్కణ్ణే!"

రెండు వైపులా ఇద్దరికీ ఒకేసారి తండ్రులు గుర్తొచ్చారు.

"మీ నాన్నగారు..." స్టూడియో ఆయన గొంతు తగ్గించాడు, "ఊళ్లు తిరిగే ఉద్యోగమా?"

"రైల్లో గార్డు. మీ నాన్నగారో?"

"బీమా ఏజెంటు."

ఇద్దరూ "ఆఁ" అని ఒకే రకంగా మూలిగి, ఫోన్లు పెట్టేశారు.

"మా నాన్నకి ఇంకో సంసారం ఉందే" అంటూ గడియారాలాయన కుర్చీలో కూలబడ్డాడు.

భార్య గోడ మీదున్న మామగారి ఫొటోకేసి చూసింది. "మామయ్యగారికా? బయటికెళ్తే ఎవరి చెప్పులో వేసుకొచ్చే మనిషి రెండు సంసారాలు చక్కబెట్టారా? ఊరుకోండి" అని, బడి నుంచి భోజనానికొచ్చిన మాస్టార్ని పిట్టగోడ మీంచి కేకేసింది.

మాస్టారు అంతా విని ఒక్కటే అడిగాడు. "సున్నా కొట్టారా?"

"ఏ సున్నా?"

"వేలెత్తి మరీ చెప్పానండీ! సున్నా అంటే మన ఊరి పొలిమేర. కోడ్‌కి ముందు సున్నా కొడితేనే ఎక్స్ఛేంజి మిమ్మల్ని ఊరు దాటిస్తుంది. కొట్టకపోతే ఊళ్లోవాళ్ల కోసమే అనుకుని, మొదటి నాలుగంకెలూ పట్టుకుని ఇక్కడే ఎవరికో తగిలిస్తుంది. మిగతావి గాలికే."

గడియారాలాయనకు తండ్రి విషయంలో గుండె తేలికపడింది, చెల్లెలి విషయంలో బరువెక్కింది. "మరి నిన్న ఏడ్చిందెవరు?" అన్నాడు. పాపం, ఆవిడెవరో ఆశపడి ఉంటుంది. ఈసారి తెలిసే సున్నా మానేసి తిప్పాడు. మళ్లీ ఆ మగగొంతే పలికింది.

"పొరపాటైందండీ. నిన్న మీ ఇంటికి ఫోను చేసింది నేను. ఆవిడ్ని పిలిస్తే జరిగింది చెప్పేస్తాను."

"వద్దండి" అన్నాడు స్టూడియో ఆయన గుసగుసగా. "నేనే చేశానని చెప్పేశాను. ఇన్నేళ్లూ ఆ మాట అందామని నోటిదాకా వచ్చి ఆగిపోయేది. మీరనేశారు. ఆ మాటలు నాకిచ్చెయ్యండి."

గడియారాలాయన కాస్త ఆలోచించాడు. "ఉంచుకోండి."

"కాళ్లు పట్టుకుంటానన్నది కూడా?"

"అది కూడా."

ఇక అసలు ఫోను మిగిలింది. మాస్టారు పక్కన నిలబడి పర్యవేక్షిస్తుండగా ఆయన సున్నా తిప్పాడు. అది డయలంతా చుట్టి నింపాదిగా వెనక్కొచ్చింది. తర్వాత కోడ్, తర్వాత నంబరు. ఈసారి "హలో" అన్నది సందేహం లేకుండా చెల్లెలే. దాచుకున్న మాటలన్నీ ఎవరికో ఇచ్చేయడంతో ఆయనకు ఏం చెప్పాలో తోచలేదు.

"అమ్మ మిషను... నువ్వు తీసుకెళ్లు" అన్నాడు.

"మిషనా? నాకెందుకన్నయ్యా? నాకు బొత్తాం కుట్టడమే రాదు."

"మరి కోపంగా వెళ్లిపోయావుగా?"

"మిషను కోసమా?" అంది చెల్లెలు. "నన్ను బస్సెక్కించావు. కండక్టరుకి జాగ్రత్తలు చెప్పావు. చేతి గడియారం చూసుకుని బస్సు ఆలస్యమైందన్నావు. మళ్లీ ఎప్పుడొస్తావని మాత్రం ఒక్క ముక్క అడగలేదు. అమ్మ లేదు కదా, ఇంక అది నా ఇల్లు కాదేమో అనుకున్నాను."

గడియారాలాయన కళ్లు తుడుచుకున్నాడు. మీటరు పరిగెడుతోందన్న సంగతే మర్చిపోయాడు.

"మళ్లీ ఎప్పుడొస్తావమ్మా?"

"అడగడానికి ఇన్నేళ్లు పట్టిందా?"

"నువ్వు చెయ్యకూడదా ఫోను?"

"పెద్దవాడివి, నువ్వు చెయ్యాలి!"

"చిన్నదానివి, నీకా పంతం?"

మాస్టారు పేపరు చదివేసి, మడతపెట్టి, ఇంటికి వెళ్లిపోయాడు. అన్నాచెల్లెళ్లు ఇంకా తప్పెవరిదో తేల్చుకుంటూనే ఉన్నారు. ఆ రోజు తేలకపోవడంతో వచ్చే ఆదివారానికి వాయిదా వేసుకున్నారు. అప్పుడూ తేలలేదు.

అప్పటినుంచి ఆదివారం పొద్దున ఆ ఇంటికి ఎవరు ఫోను చేసినా, సున్నా కొట్టినా కొట్టకపోయినా, ఎంగేజే వచ్చేది.