వంద కాళ్ల ఓటు

ఒక పెద్ద అడవి. దానికి నాలుగు పక్కలా సముద్రమే. ఆ దీవికి ఐదేళ్లకోసారి అధ్యక్షుణ్ణి ఎన్నుకునేవారు.

పోటీ చేసేవాళ్లు తడి ఇసుకలో తలా ఒక గడి గీసుకోవాలి. జంతువులు తమకు నచ్చినవాళ్ల గడిలో కాళ్లు మోపి రావాలి. ఎన్ని పాదముద్రలుంటే అన్ని ఓట్లు. పక్షులకు రెండు, జంతువులకు నాలుగు. పాములకు అసలు ఓటే లేదు గానీ, ప్రతిసారీ ఎన్నికల్ని తామే బహిష్కరించామని చెప్పుకునేవి.

అలివేణి అనే పడుచు తాబేలుకు ఈసారి ధ్యాసంతా ఎన్నికల మీదే. కడుపు నిండా గుడ్లు. తను పుట్టిన ఉత్తరపు తిన్నె మీదే, మెత్తటి ఇసుకలో, అలల పాట వింటూ వాటిని పెట్టాలని దాని కల. కానీ అధ్యక్షభవనం ఉన్నదీ అక్కడే. అందులో ఉండేది ఉడుముగారు. నిరుడు అలివేణి పెట్టిన గుడ్లన్నీ ఆయన ఫలహారమైపోయాయి. పైగా "ప్రజల కానుకలు స్వీకరించాం" అని ప్రకటన కూడా ఇచ్చారు.

ఎదురు నిలబడ్డ కొంగ మాత్రం, గెలిచినా చెట్టు మీదే ఉంటానంది. అలివేణి ఆశంతా కొంగ మీదే.

"సార్, కొంగకు నాలుగు ముద్రలు ఎక్కువ పడేలా ఉన్నాయి," అంది ఉడుము సెక్రటరీ నక్క.

"అయితే ఇంకో జంతువుని పట్రా."

"పాతిక జంతువుల పెట్టు ఒకణ్ణి పట్టాను సార్."

ఎప్పుడూ రాతి కిందే పడుకునే జెర్రిని తడి ఆకు మీద ఊరేగించుకొచ్చింది నక్క. వంద కాళ్లు. వాటికి బదులుగా తడి ఆకుల శాఖకు మంత్రి పదవి.

వరుసలో జెర్రి పక్కనే నడుస్తున్న అలివేణికి కళ్లు చెమర్చాయి. అయినా నోరు ఊరుకోలేదు.

"జెర్రి మామా, ఒక్క మాట అడగనా?"

"అడుగమ్మాయ్. మంత్రినయ్యాక వినాలి కదా."

"నాకు చదువు తక్కువ, ఏమీ అనుకోకు. వంద కాళ్లున్న నువ్వు, నాలుగు కాళ్లాయన కింద మంత్రివేంటి?"

జెర్రి నడక ఆపింది. కాళ్లన్నీ ఆగడానికి కాస్త సేపు పట్టింది.

"నక్క నాకీ సంగతి చెప్పలేదే."

"పనుల్లో మరిచిపోయి ఉంటుందిలే, పాపం."

జెర్రి గబగబా తనకంటూ ఒక గడి గీసుకుని అందులోకి దిగింది. నక్క పరుగెత్తుకొచ్చింది.

"అయ్యా, మన గడి అటు."

"కాళ్లు నావయ్యా," అంది జెర్రి.

ఎన్నికల అధికారి గూడబాతు మూడుసార్లు లెక్కపెట్టి చెప్పింది: కొంగకు అరవై, ఉడుముకు యాభై ఆరు, జెర్రికి వంద. ఆ మాట పూర్తయ్యేలోపే నక్క వంగి, కొత్త అధ్యక్షుడి కాళ్లకంటిన ఇసుక దులుపుతోంది. ఇరవై మూడో కాలు దగ్గరుంది.

ఉడుము మొహం చెల్లక దక్షిణపు కొండల్లోకి వెళ్లిపోయింది. జెర్రి ఒక్కసారి వెళ్లి అధ్యక్షభవనం చూసొచ్చింది.

"అబ్బే, ఇసుక కాలిపోతోంది. కాలేది ఒక కాలా, రెండు కాళ్లా?" అని మళ్లీ రాతి కిందికే చేరింది. ఐదేళ్లూ అక్కణ్ణుంచి కదల్లేదు. అంత మంచి పాలన ఎన్నడూ చూడలేదని దీవంతా చెప్పుకుంది.

ఖాళీ తిన్నె మీద అలివేణి తీరిగ్గా గుంట తవ్వుకుని నూట పది గుడ్లు పెట్టింది.

ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్లలకు అది నేర్పిన నీతి ఒక్కటే: మంచివాడు గెలిచేదాకా ఎదురుచూడకండర్రా, ఇద్దరు ఆశపోతులకు ఒకే కుర్చీ చూపించండి చాలు.