సాలగ్రామానికి సక్సెసర్ ట్రస్టీ

మోక్షానికి అన్నిటికన్నా దగ్గరి దారి లివింగ్ ట్రస్టు! నవ్వకండి. ఇల్లు నాది కాదు, వాకిలి నాది కాదు అని తెలుసుకోవడానికి మన ఋషులు అడవుల్లో ఏళ్ల తరబడి తపస్సు చేశారు. అమెరికాలో, షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో ఆ పని లాయరు ఆఫీసులో నలభై నిమిషాల్లో అయిపోతుంది. కాఫీ కూడా ఇస్తారు.

యజ్ఞనారాయణగారి సంగతే చూడండి. పదిహేడేళ్లుగా ఈ దేశంలో వంతెనలు కట్టించే ఇంజనీరు. నిత్యపూజ కానిదే మంచినీళ్లు ముట్టరు. పంతొమ్మిది వందల ఎనభై అయిదులో ఒక హోటల్లో ఉచిత భోజనంతో సెమినార్ అంటే వెళ్లారు. ఆయన తినగలిగింది బ్రెడ్డూ, సలాడూ మాత్రమే. చెవులకు మాత్రం విందే.

ఉత్త వీలునామా రాసి పోతే ఆస్తిని కోర్టు పంచుతుందట. ఆ తతంగం పేరు ప్రొబేటు. యమలోకంలో శిక్షలు వర్ణించే పౌరాణికుడిలా లాయరు దాన్ని వర్ణించాడు. బతికుండగానే ఆస్తంతా ట్రస్టు పేర రాసేస్తే ఆ నరకం తప్పుతుంది. ఓపిక ఉన్నన్నాళ్లూ ట్రస్టీ మనమే. మంచాన పడినా, పోయినా, మనం పేరు రాసిపెట్టిన సక్సెసర్ ట్రస్టీ వచ్చి అన్నీ చూసుకుంటాడు. ఏ వస్తువు బయట మిగిలినా ప్రొబేటు పాలే!

ఆ మాట యజ్ఞనారాయణగారి గుండెల్లో దిగబడిపోయింది. ఇల్లు, రెండు కార్లు, షేర్లు రాశారు. మంచు ఎత్తే పార రాశారు. సూట్‌కేసులో బట్టల మధ్య దాచి తెచ్చిన గ్రైండరు రాశారు. ఆవకాయ జాడీని కూడా వదల్లేదు.

మిగిలింది ఒక్కటే. పూజగదిగా మార్చుకున్న క్లోజెట్‌లో ఉన్న సాలగ్రామం. ఏడు తరాలుగా వస్తున్న నల్లని గుండ్రాయి, సాక్షాత్తూ విష్ణుమూర్తి. రోజూ నీళ్లు, తులసి, నైవేద్యం తప్పకూడదు. తన తరవాత ఆ స్వామిని ఎవరు చూస్తారు? ఆస్తి ఎవరికి పోయినా ఆయనకు నిద్ర పట్టేది. ఈ ప్రశ్నతో మాత్రం పట్టలేదు.

అర్బానాలో చదువుకుంటున్న కొడుకు రాజ్‌ని ఫోన్‌లో అడిగారు. తన సాక్సులే తనకు దొరకవనీ, దేవుణ్ణి పోగొడితే ఆ పాపం తనకొద్దనీ అన్నాడు. నిజాయితీ గల కుర్రాడు.

పక్కనే పాలల్లో సీరియల్ వేసుకుని తింటున్న పదిహేనేళ్ల కూతురు విద్య తలెత్తింది.

"నేను చేస్తా డాడీ. నాకు మొత్తం వచ్చు. రోజూ వింటా కదా."

"ఆడపిల్లలు సాలగ్రామాన్ని తాకకూడదమ్మా."

"వై?"

"శాస్త్రం."

"ఎక్కడ రాసుంది? చూపించు."

ఆయన ఆఫీసుకు టైమైందన్నారు. ఇరవై ఏళ్లుగా ఆ స్వామికి నైవేద్యం వండుతూ, ఏనాడూ స్వామిని ముట్టుకోని ఆయన భార్య కామేశ్వరిగారు వంటగదిలో గరిటెను మూకుడుకేసి ఒక్కసారి గట్టిగా కొట్టారు. అంతే.

ఇలాంటి చిక్కుముళ్లు విప్పడానికి కాకపోతే బ్యాంకులు ఎందుకున్నాయి? షికాగోలో ఒక పెద్ద బ్యాంకుకు ట్రస్టు డిపార్ట్‌మెంట్ ఉంది. బ్యాంకుకు చావు లేదు. మైల లేదు, పురుడు లేదు. పెళ్లి చేసుకుని వేరే గోత్రానికి పోదు! ఇంతకన్నా యోగ్యుడైన వారసుడు ఏ వంశంలో పుట్టాడు చెప్పండి?

యజ్ఞనారాయణగారు సాలగ్రామాన్నీ ట్రస్టులో రాసి, బ్యాంకును సక్సెసర్ ట్రస్టీగా పెట్టి, తొమ్మిది పేజీల సూచనలు టైపు చేసి పంపారు. తలస్నానం, మడిబట్ట, ఉల్లి వెల్లుల్లి నిషేధం, అన్నీ. బ్యాంకు శ్రద్ధగా చదివింది. సాలగ్రామమనే ఆస్తిని ఫ్రిజ్‌లో పెట్టాలా అని అడిగింది. శనాదివారాల్లోనూ, ఫెడరల్ సెలవుల్లోనూ సేవ ఉండదని చెప్పింది. ఆయన రెండు రోజులు ఆలోచించి, శనాదివారాల్లోనూ, కొలంబస్ డే లాంటి సర్కారు సెలవుల నాడూ స్వామి ఉపవాసం ఉండవచ్చునని ఒప్పుకున్నారు. పైగా ఇంకో షరతు తానే రాయించారు. తాను ఒక్క పూట పూజ చేయలేకపోయినా బ్యాంకు వెంటనే రంగంలోకి దిగాలి. అంత అవసరం లేదని లాయరు చెప్పినా వినలేదు.

జనవరిలో డ్రైవ్‌వేలో ఐసు మీద కాలు జారింది. తొడ ఎముక విరిగింది. ఆపరేషన్‌కు మత్తు ఇవ్వకముందే ఆయన చేసిన పని బ్యాంకుకు ఫోన్ చేయించడం. స్వామి పస్తుండకూడదు కదా!

మర్నాడు సరిగ్గా తొమ్మిదికి బ్యాంకు ఆఫీసరు తలుపు తట్టింది. పేరు మిసెస్ హాలోరన్. అవును, మిసెస్. ఆ తొమ్మిది పేజీల్లో ఆ ఒక్క సంగతీ రాయడం ఆయన మరిచిపోయారు. బ్యాంకు అంటే ఆడా మగా కాని పరబ్రహ్మం అనుకున్నారు పాపం.

ఆవిడ బూట్లు విప్పి, కాగితాలు తీసి, వేలు పెట్టి ఒక్కో లైనూ చదువుకుంటూ వచ్చి మడిబట్ట దగ్గర ఆగింది. తడిపి ఆరేసిన బట్ట ఎవరూ తాకకుండా కట్టుకోవాలని కామేశ్వరిగారు వివరించారు. ఇది తన ఉద్యోగ నిబంధనల్లో లేదనీ, తెలిసిన మనిషిని పెట్టుకునే హక్కు ట్రస్టీకి ఉందనీ ఆవిడ చెప్పింది. అలాంటి మనిషి దగ్గర్లో ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

కామేశ్వరిగారు విద్య భుజం మీంచి స్కూలు బ్యాగు తీసి పక్కన పెట్టారు.

మూడో రోజు ఆసుపత్రికి ఉత్తరం వచ్చింది. ఆస్తి సంరక్షణకు అనుభవం ఉన్న వ్యక్తి ఆ ఇంట్లోనే దొరికినందుకు బ్యాంకు సంతోషిస్తున్నది. జీతం గంటకు మూడు డాలర్ల ముప్పై అయిదు సెంట్లు, ట్రస్టు ఖర్చు కింద. అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లో కారణం రాసి పంపగలరు.

యజ్ఞనారాయణగారు కాలు గాలిలో వేలాడుతుండగానే పెన్ను అందుకున్నారు. ఆమె ఆడపిల్ల కనుక, అని ఇంగ్లీషులో రాశారు. చదువుకున్నారు. ఈ కాగితం మిసెస్ హాలోరన్ టేబుల్ మీదికి వెళుతుంది. తాతల నాడు తెలుగులో రాతికోటలా నిలబడ్డ మాట, ఆ గీత మీద ఒంటి మీద బట్ట లేనట్టు నిలబడింది. శాస్త్రంలో ఫలానా చోట ఉంది అని చేర్చబోయారు. ఆ ఫలానా చోటు ఎక్కడో తనకే తెలియదని అప్పుడు తట్టింది. తండ్రి చెప్పాడు. తండ్రికి ఆయన తండ్రి చెప్పాడు.

కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నారు. ముప్పై రోజులూ గడిచాయి.

ఇంటికొచ్చి, కాలికి కట్టుతో కుర్చీలో కూర్చుని కూతురి పూజ చూశారు. స్వామికి ఏ అభ్యంతరమూ ఉన్నట్టు కనబడలేదు. కిటికీ దగ్గర కుండీలో తులసి కూడా చలికాలమని చూడకుండా రెండు చిగుళ్లు వేసింది. మంత్రంలో ఒకచోట దీర్ఘం కురచైంది. ఆయన నోరు తెరిచారు.

"కంప్లైంట్ ఉంటే బ్యాంక్‌కి రాయి డాడీ," అంది విద్య, చేతిలో స్వామిని తుడుస్తూ.

కనుక ఆలస్యం చేయకండి. రేపే లివింగ్ ట్రస్టు రాయించుకోండి. కన్నకూతుర్ని దేవుణ్ణి ముట్టుకోనిచ్చే అధికారం మనలో ఎవరికీ ఉన్నట్టు లేదు. బ్యాంకుకు ఉంది.