చాలు చెప్పే ఉద్యోగం

ఒక పెద్ద అడవి నడుమగా తేనెవాగు పారేది. అందరికీ ఆ తేనే తిండి. అయితే వాగు గుమ్మం ముందు పారినంత మాత్రాన కడుపు నిండదు. ఊరికే నాకితే దాహం పెరగడమే. ప్రతి ఇంటికీ ఒక తూము, ప్రతి తూముకీ ఒక తాళం. తాళం తీసి, తూములోంచి లోపలికి వచ్చిన తేనే ఒంటికి పట్టేది.

ఆ తాళంచెవులు చెక్కేది వడ్రంగిపిట్టలు. వాగు మధ్య చిన్న చిన్న లంకల మీద కాపురముండి, పొద్దస్తమానం టకటకమని చెక్కి ఇంటింటికీ పంపేవి. ఒక చెవి ఒక్క పూటకే పనికొచ్చేది, తేనెలో నాని కరిగిపోయేది. అంచేత వాటికి సెలవన్నది లేదు. సెలవు లేనివాళ్ళకి సన్మానాలూ ఉండవు గదా.

సన్మానాలన్నీ కాపలాదళానికే. దాని నాయకుడు రేచుకుక్క దండయ్య. మంచి ముక్కు, గట్టి పళ్ళు. ఆలోచన మాత్రం దళంలో చేరిన రోజే చెప్పుల్లాగా గుమ్మం బయట విప్పి వచ్చాడు.

దళంలో ఇంకో ఇద్దరికి కొలువుండేది. ప్రమాదం వస్తే అరవడానికి తీతువుపిట్ట తీతమ్మ. ప్రమాదం పోయాక "చాలు" అని చెప్పడానికి ముసలి తాబేలు శాంతయ్య. ఆ మాట వినబడగానే కుక్కలు నోళ్ళు మూసుకుని ఇళ్ళకు పోవాలి. అదీ పద్ధతి.

ఒక వానాకాలం పందికొక్కుల మంద అడవిలో జొరబడింది. లంకల మీదికి దూరి, కర్రలు కొరికి, గుట్టలుగా పొట్టు పోసింది. తీతమ్మ అరిచింది. దళం దూకింది. చచ్చిన పందికొక్కులు చచ్చాయి, మిగిలినవి పారిపోయాయి. ఆ అడవిలో ఎవరి పని వాళ్ళు సక్రమంగా చేసిన ఆఖరి రోజు అదే.

శాంతయ్య మెడ బయటికి చాచి "చాలు" అనబోయాడు.

"ఆగవయ్యా," అంది తీతమ్మ. "నేను అరుస్తుంటే అడవంతా నావైపు చూస్తోంది. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ ఇలా చూడలేదు."

"శత్రువు పోయాడు గదమ్మా."

"పోయినట్టు నటిస్తున్నాడేమో. చాలు చాలని నీకెందుకంత తొందర? వాడితో నీకేమిటి చుట్టరికం?"

దండయ్యకి ఆ మాట నచ్చింది. శత్రువు లేకపోతే తనని పలకరించేదెవరు? మర్నాడే సభ పెట్టించి, చాలు చెప్పే ఉద్యోగం రద్దు చేయించాడు. శాంతయ్య డిప్పలోకి పోయాడు.

వెనకే ఇంకో ఆజ్ఞ వచ్చింది. ఎవరింట్లో ఏది తయారవుతోందో, అందులో ఒక ముక్క గుమ్మానికి వేలాడదీయాలి. లోపల శత్రువు దాక్కుని ఉంటే ఆ ముక్కే పట్టిస్తుంది.

ఆజ్ఞలో తప్పేం లేదు. నేను చూసినంతలో తప్పులేని ఆజ్ఞలే ఎక్కువమందిని చంపాయి.

సాలీడు ఒక పోగు వేలాడదీసింది. గిజిగాడు గడ్డిపరక కట్టాడు. వడ్రంగిపిట్టలు మాత్రం పిరికివి. తీతమ్మ అరిచిన కొద్దీ గుత్తులు గుత్తులుగా పొట్టు వేలాడదీశాయి. దాచుకున్నదేమీ లేదని చూపించుకోవాలి గదా.

దండయ్య వచ్చి వాసన చూశాడు. "కర్రపొట్టు. పందికొక్కులు పోసిందీ కర్రపొట్టే."

"ఇది తాళంచెవుల పొట్టు బాబూ," అన్నాడు పిట్టల పెద్ద చెక్కన్న. "తమరింటి చెవి కూడా ఇందులోంచే వస్తుంది."

"అడిగి ఉంటే పందికొక్కులూ ఈ కథే చెప్పేవి."

ఆ రోజే దళం మీదపడి మొదటి లంకని తుడిచిపెట్టింది. పిట్టల ఏడుపు విని తీతమ్మ ఇంకా గట్టిగా అరిచింది. ఆ అరుపుకి మిగతా లంకల మీద ముక్కులు వణికి, తాళంచెవులు వంకరపోయాయి. వంకర సరిచేయబోతే ఇంకా పొట్టు రాలింది. పొట్టు పెరిగేకొద్దీ అనుమానం పెరిగింది.

"చూశారా, వెతికేకొద్దీ దొరుకుతున్నారు," అన్నాడు దండయ్య సభలో. సభ అతని మెడలో పతకం వేసింది.

చెవులు రాక తూములు మూతపడ్డాయి. తాగేవాళ్ళు లేక వాగు పొంగింది. తేనె దారులకెక్కింది, చెట్ల వేళ్ళు కుళ్ళబెట్టింది, చీమలు దండులుగా దిగాయి. సభ ఊరుకుంటుందా? మన పాలనలో తేనె ఎన్నడూ లేనంతగా పెరిగిందని తీర్మానించి చప్పట్లు కొట్టింది. కొట్టినవాళ్ళలో సగం మంది ఆకలికి మళ్ళీ లేవలేకపోయారు.

దండయ్య ఇంట్లో పెళ్ళాం నూకాలు నేలపట్టింది. ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరదు.

"వాగు గడప దాకా వచ్చింది గదయ్యా. నా నోటికి చుక్క లేదేం?"

"తాళంచెవి రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"చెక్కేవాళ్ళు శత్రువులు."

నూకాలు కళ్ళు తెరవకుండానే అంది. "ఆ శత్రువుల కాళ్ళో వేళ్ళో పట్టుకుని ఒక్క చెవి పట్రా. లేదంటే నేను పోయాక ఆ పతకం నాక్కుంటూ బతుకుదువుగాని."

దండయ్య పరుగెత్తాడు. ఆఖరి లంక మీద చెక్కన్న ఒక్కడే మిగిలాడు. టకటక వినిపిస్తోంది.

"తమరింటిదే చెక్కుతున్నాను బాబూ," అన్నాడు చెక్కన్న తలెత్తకుండా. "నూకాలమ్మ పడిపోయిందని తెలిసింది. ఇదిగో, అయిపోవచ్చింది."

దండయ్య తొందరగా కానీయమని చెప్పబోయాడు. ఈలోపల చెక్కన్న, చట్టానికి భయపడే ప్రాణి, రాలిన పొట్టులోంచి కాస్త తీసి గుమ్మానికి కట్టాడు. ఎక్కడో తీతమ్మ అరిచింది.

దళం వెనక వచ్చి నిలబడింది. అందరి కళ్ళూ నాయకుడి నోటి మీదే ఉన్నాయి. ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆ మాట పలికే నోరు అడవిలో లేకుండా చేసింది తనే. దండయ్య నోరు తెరిచాడు. అందులో పళ్ళు తప్ప మాట లేదు.

ఆ నోరు మూసుకునేసరికి టకటక ఆగిపోయింది. తాళంచెవి సగంలోనే ఉండిపోయింది.

నూకాలు చావలేదు. పక్క అడవి పందులు దయతలచి తాళంచెవులు చేసి పంపుతున్నాయి. వాటికి ఈ ఇళ్ళ సంగతి తెలియదు. తక్కువ పంపితే వాగు పొంగుతుంది. ఎక్కువ పంపితే తూములన్నీ ఒకేసారి తెరుచుకుని వాగు ఎండిపోతుంది, నూకాలు కళ్ళు తిరిగి పడిపోతుంది. ఎంత కావాలో అంతే చెక్కినవాళ్ళు ఇప్పుడు లేరు. పూటపూటకీ దండయ్య పొలిమేరలో నిలబడి, పతకం సవరించుకుని, పందికి సలాం కొట్టి చెవి తెచ్చుకుంటాడు.

ఒకనాడు శాంతయ్య డిప్ప దగ్గర ఆగాడు. "తాతా, ఇప్పుడైనా ఆ మాట చెప్పరాదూ?"

"ఎవరి కోసం చెప్పమంటావు నాయనా?" అంది డిప్ప.

దళం మాత్రం లంకల మీద ఇంకా గస్తీ తిరుగుతోంది. దారితప్పిన పిట్ట ఏదైనా అక్కడ వాలి టక్కుమంటే రెండో టక్కు వినపడదు. ఆ మాత్రం సామర్థ్యం ఉంది కాబట్టే ఏటా పతకాలిస్తున్నారు.

నీతి: నువ్వు మనవాడివేనని రుజువు చూపించమంటే ఏదైనా చూపించు, చేసిన పని మాత్రం చూపించకు.